ఇంటీజర్ క్లాస్ ఊరందరిది, మన ఒక్క మాడ్యూల్‌ది కాదు

ఎడిటర్ గారికి నమస్తే,

నేను మీ పేపర్‌కు చానా ఏండ్ల నుంచి పాఠకున్ని, ఉండేది హన్మకొండల. రైస్ మిల్లులకు, ఎనుమాముల మార్కెట్ల అడ్తి దుకాణాలకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి ఇస్త, సాయంత్రం పూట ఇంటి మీద గదిల నలుగురైదుగురు డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్త. మీ విద్యార్థుల పేజీల రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు మొదలైనప్పటి నుంచి మా మేనల్లుడు ఒక్కటి పోకుండ కత్తిరించి నోట్‌బుక్‌ల అంటిస్తుండు, వాడు పాలిటెక్నిక్ రెండో ఏడు. పోయిన వారం వచ్చిన పాఠం పట్టుకొని ఉరికొచ్చిండు, మామా ఇగ స్ట్రింగ్ క్లాస్‌ల మనకేది కావాల్నంటే అది కలుపుకోవచ్చంట అని. వాని సంబురం చూసి నాకు సంతోషమైంది, పాఠం చదివినంక మాత్రం ఈ లేఖ రాయకుండ ఉండలేకపోయిన.

ఆ పాఠంల దాదాపు అంతా బాగుంది. తెలుగుల ఇంత సాఫ్‌గా రూబీ చెప్పేటోళ్లు తక్కువ, రాసినాయనకు దండం పెడుతున్న. కానీ చివర్ల ఒక మాట ఉన్నది, బిల్ట్-ఇన్ క్లాస్‌ను మీ సొంత మాడ్యూల్ (కోడ్‌ను వేరుగ పెట్టుకునే అర) లోపల తెరిచి మెథడ్, అంటే ఒక కొత్త పని, కలిపితే ఆ మార్పు ఆ మాడ్యూల్‌కే పరిమితం అయితది, బయటోళ్లకు ఏం కాదు అని. ఇది తప్పు. చిన్న తప్పు సుత కాదు, ఎందుకంటే ఇదే మాట నమ్మి మేం ఒక మిల్లుల ఒక మనిషిని రాత్రంతా ఏడిపించినం, ఆ ముచ్చట ముందట చెప్త.

ప్రోగ్రామింగ్ తెలియని పాఠకులు సుత ఉంటరు కాబట్టి రెండు మాటలు. ఏ భాషల ప్రోగ్రాం రాసినా కొన్ని సరుకులు ఆ భాషతోనే వస్తయి, అంకెలు, అక్షరాల వరుసలు, జాబితాలు. వీటినే బిల్ట్-ఇన్ క్లాసులు అంటం, రూబీల అంకెల క్లాస్ పేరు ఇంటీజర్, అక్షరాలది స్ట్రింగ్, జాబితాది అర్రే. జావా లాంటి భాషల ఈ క్లాసులకు తాళం వేసి ఉంటది, అందుల కొత్త మెథడ్ కలుపుడు కుదరదు. రూబీల అట్ల కాదు. జపాన్ ఆయన యుకిహిరో మత్సుమోతో 1995ల జనంలకు తెచ్చిన ఈ భాషల ఏ క్లాస్‌నైనా ఎప్పుడైనా మల్ల తెరవచ్చు, క్లాస్ స్ట్రింగ్ అని రాసి కింద కొత్త మెథడ్ రాసి ఎండ్ అంటే అయిపాయె, ఆ నిమిషం నుంచి ప్రోగ్రాంల ఉన్న ప్రతి స్ట్రింగ్‌కు ఆ కొత్త పని వచ్చేస్తది. ప్రతి స్ట్రింగ్ అంటే నువ్వు రాసింది, నీ పక్కోడు రాసింది, నువ్వు బయట నుంచి తెచ్చుకున్న లైబ్రరీల, అంటే వేరేటోళ్లు రాసిపెట్టిన కోడ్ల, లోపలున్నది సుత. ఈ ఆఖరు మాటనే పిల్లలకు ఎవ్వరూ నొక్కి చెప్తలేరు.

ఇట్ల తెరుచుడు ఎందుకు అని అడిగేటోళ్లుంటరు, దాని రుచి తెలుగోళ్లకు బాగా తెలుస్తది. రూబీల తెలుగు అనే మాట రాసి దాని పొడుగు ఎంత అని అడగండి, ఆరు అంటది. మన లెక్కల మూడక్షరాలే గదా, కానీ కంప్యూటర్‌కు త ఒకటి, ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, గ ఒకటి, మల్ల కొమ్ము ఒకటి. అదే మాటను రివర్స్ చెయ్యమంటే ఇంకా ఘోరం, త మీది ఎత్వం పోయి ల మీద కూసుంటది, లు కొమ్ము పోయి గ కు తగులుతది, గు కొమ్ము ఒక్కతే ముందట ఏ అక్షరం లేక వేలాడుతది. మనకు కావాల్సింది గులుతె, వచ్చేదాని చివర్ల మాత్రం లెత అని ఉంటది. అందుకే స్ట్రింగ్ క్లాస్ తెరిచి అక్షరాలు అనే మెథడ్ ఒకటి పెట్టుకుంటే, అది లోపల గ్రాఫీమ్ క్లస్టర్స్ అనే, కంటికి ఒక్కటిగ కనబడే అక్షరాలను విడదీసే రూబీ మెథడ్‌ను పిలిచి మూడు అని సరిగ్గా చెప్తది. అవును, మెథడ్ పేరు అచ్చంగా తెలుగు లిపిలనే పెట్టుకోవచ్చు, రూబీ ఒప్పుకుంటది. క్లాస్ పేరు, మాడ్యూల్ పేరు మాత్రం పెట్టుకోనియ్యదు, ఎందుకంటే అవి పెద్దక్షరంతోనే మొదలు కావాలె, మన లిపిల పెద్దక్షరం చిన్నక్షరం లేనే లేవు. ఈ ముచ్చట చెప్పినప్పుడు మా పిల్లల మొకాలు చూడాలె. నేను ఈ తెరుచుడుకు వ్యతిరేకం కాదు అనేటందుకే ఇంత చెప్తున్న. రూబీల వెబ్‌సైట్లు కట్టనీకి 2004ల వచ్చిన రైల్స్ అంత తొందరగా జనానికి నచ్చుడుకు ఒక కారణం ఇదే, మూడు చుక్క డేస్ చుక్క అగో అని రాస్తే మూడు రోజుల కిందటి తారీఖు వస్తది, అంకెకు ఆ మాట నేర్పింది రైల్సే.

ఇగ మిల్లు సంగతి. మిల్లు పేరు, ఊరి పేరు రాయను, వాళ్ల తప్పేం లేదు అందుల. 2023 వానకాలం వడ్లు వచ్చే టైమ్, నవంబర్ నెల. ఆ మిల్లుకు యార్డ్ లెక్క, మిల్లు లెక్క రెండూ మేమే రాసినం, మేమంటే నేను, నాతోని పనిచేసే నర్సంపేట దిక్కు తమ్ముడు ఒకడు. యార్డ్‌ల వచ్చేవి వడ్లు, బస్తాకు నలభై కిలోలు. మిల్లు నుంచి బయటికి పోయేది బియ్యం, బస్తాకు యాభై కిలోలు. నేను యార్డ్ ఫైల్ రాస్తున్నప్పుడు ఇంటీజర్ క్లాస్ తెరిచి బస్తాలు అనే మెథడ్ కలిపిన, మూడు చుక్క బస్తాలు అంటే నూట ఇరవై కిలోలు అని. చదువుతుంటే మస్తు ముద్దుగ ఉంటది గదా, గుమాస్తా పెద్దాయనకు స్క్రీన్ మీద కోడ్ చూపిస్తే అర్రే ఇది నాకు సుత అర్థమైతుంది బిడ్డా అన్నడు. అక్కడ నేను చేసిన మొదటి తప్పు అది, నాకు యార్డ్ ఫైల్‌ల మాత్రమే కావాల్సిన మాటను ప్రోగ్రాం మొత్తానికి నేర్పిన.

తర్వాత తమ్ముడు మిల్లు ఫైల్ రాసిండు. వానికి సుత బస్తాలు కావాలె, కానీ యాభై. వాడు జాగ్రత్త గల పిలగాడు, నా దానికి తగలొద్దని మిల్ అనే మాడ్యూల్ పెట్టి దాని లోపల క్లాస్ ఇంటీజర్ అని రాసి అందుల బస్తాలు అంటే యాభైతో గుణించు అని రాసిండు. అచ్చం మీ పాఠంల చెప్పినట్టే. రన్ చేసి మూడు చుక్క బస్తాలు అంటే నూట యాభై రావాలె, వచ్చింది నూట ఇరవై. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, వాడు రాసింది అసలు నడుస్తనే లేదు, నేను రాసింది నడుస్తుంది. పైకెళ్లి ఇంకో గమ్మత్తు మొదలైంది, బస్తాల సంఖ్య ఎంటర్ చేసే కాడ అది పూర్తి అంకెనా కాదా అని చూసే లైన్ ఒకటి ఉండె, ఇది ఇంటీజరేనా అని అడిగే లైన్. 120 అని కొడితే స్క్రీన్ మీద దయచేసి పూర్తి సంఖ్య ఇవ్వండి అని వస్తుంది. మల్ల కొడితే మల్ల అదే. వాడు నాకు ఫోన్ చేసి అన్నా కీబోర్డ్ ఏమన్న ఖరాబైందా, 120 అంకె కాదంటుంది ఇది అన్నడు.

ఎందుకట్లయిందో అర్థం చేసుకోవాలంటే ఊర్ల పేర్లతోని చెప్పాలె. మన దిక్కు రాంపూర్‌లు ఎన్ని ఉంటయో మీకు ఎరికే. ఒక మండలంల నిలబడి రాంపూర్ అంటే ఆ మండలంల రాంపూర్ అనే అర్థం, అక్కడ లేకపోతేనే బయటిది. మాడ్యూల్ అంటే మండలమే. మిల్ మాడ్యూల్ లోపల క్లాస్ ఇంటీజర్ అని రాస్తే రూబీ ఏం చేస్తదంటే, ఈ మాడ్యూల్‌ల ఇంటీజర్ అనే క్లాస్ ఇంతకుముందు ఉన్నదా అని చూస్తది, లేదు కాబట్టి కొత్తది కడతది. పాత ఇంటీజర్‌ను తెరవదు, అదే పేరుతోని కొత్త ఊరు కట్టి బోర్డు పాతుతది. కానీ ఆ ఊర్ల జనం ఎవ్వరు లేరు, ఎందుకంటే ప్రోగ్రాంల 3 అని, 120 అని మనం రాసే అంకెలన్నీ ఏ మాడ్యూల్‌ల రాసినా పాత ఇంటీజర్ ఊరోళ్లే, వాళ్ల పుట్టుక అక్కడనే. అందుకే మూడు చుక్క బస్తాలు అంటే పాత ఊర్ల నేను పెట్టిన నలభై దొరికింది. ఇది ఇంటీజరేనా అని మిల్ లోపల అడిగితే మాత్రం పేరు వెతుకుడు మండలం లోపలి నుంచే మొదలైతది కాబట్టి కొత్త ఊరు బోర్డు కనబడ్డది, 120 ఆ ఊరిది కాదు, కాదు అని జవాబు. స్ట్రింగ్ అయినా అర్రే అయినా ఇదే కథ, మాడ్యూల్‌ల పెట్టి స్ట్రింగ్ తెరిచిన అనుకుంటరు, కోట్స్ మధ్య రాసిన అక్షరాలు మాత్రం ఎప్పటికీ బయటి స్ట్రింగే.

తమ్ముడు ఇంటర్నెట్ల చూసి మందు కనుక్కున్నడు. ఇంటీజర్ పేరు ముందట రెండు కోలన్లు పెట్టాలె, అంటే ఈ మండలంది కాదు, అన్నింటికి పైనున్న ఇంటీజర్ అని అర్థం. పెట్టిండు. 120 అంకె అయ్యింది, మూడు చుక్క బస్తాలు నూట యాభై వచ్చింది, వాడు సంతోషపడి కోడ్ ఎక్కించి భోజనానికి పోయిండు. వాడు రాసిన లైన్లు ఇంకా మిల్ మాడ్యూల్ లోపలనే ఉన్నయి, చూసేటోనికి అంతా పద్ధతిగ కనబడుతది, కానీ ఆ రెండు కోలన్లతోని అది మాడ్యూల్ గోడ దునికి ఊరందరి ఇంటీజర్‌ను తెరిచింది. ఒకే క్లాస్‌ల ఒకే పేరుతోని రెండు మెథడ్లుంటే రూబీల ఆఖరుకు ఎక్కిందే నిలబడతది. మా ఫైళ్లు ఇంగ్లీష్ అక్షర క్రమంల ఎక్కుతయి, నా యార్డ్ ఫైల్ పేరు ప్యాడీ, అది ముందు, వాని మిల్లు ఫైల్ పేరు రైస్, అది తర్వాత. అంటే నా నలభై పోయి వాని యాభై మొత్తం ప్రోగ్రాంల కూసున్నది. రూబీని వార్నింగులు చూపించే స్విచ్ పెట్టి నడిపితే పాత మెథడ్ తీసేస్తున్న అని ఒక లైన్ చెప్తది, మామూలుగ నడిపితే ఏం చెప్పదు. మేం మామూలుగనే నడిపినం.

ఆ సాయంత్రం 120 బస్తాల వడ్ల బండి దిగింది. స్టాక్ రిజిస్టర్‌ల కంప్యూటర్ అరవై క్వింటాళ్లు అని ఎక్కించింది. వడ్లు మిషన్‌లకు పోసేటప్పుడు కాంటా మీద తూకం వేస్తే నలభై ఎనిమిది. పన్నెండు క్వింటాళ్లు తక్కువ. గ్రేడ్ ఏ వడ్లకు ఆ సీజన్‌ల మద్దతు ధర క్వింటాకు 2203 రూపాయలు, లెక్క కడితే 26,436 రూపాయలు. సేటు మంచాయనే, కానీ ఆయనకు కనబడేది ఒక దిక్కు కంప్యూటర్, ఒక దిక్కు రాత్రి కాపలా ఉన్న వాచ్‌మన్. కంప్యూటర్ అబద్ధం చెప్పదు గదా అన్నడు. వాచ్‌మన్‌ను పిలిచి అడిగిన్రు, హమాలీలను అడిగిన్రు, గేట్ కాడ ఎవరి బండి వచ్చిందని అడిగిన్రు. ఆ వాచ్‌మన్ అరవై ఏండ్ల మనిషి, రాత్రి అన్నం తినలేదు, పొద్దుగాల దాకా గోదాం మెట్ల మీదనే కూసున్నడు. నేను తెల్లారి పోయేసరికి నన్ను చూసి లేచి నిలబడి, సారూ నేను ఒక్క గింజ ముట్టలేదు అన్నడు. నా చేత రాయబడ్డ ప్రోగ్రాం ఆయనతోని ఆ మాట అనిపించింది, దాన్ని నేను మర్చిపోను.

దొరకబట్టింది నేను కాదు, గుమాస్తా పెద్దాయన. ఖాళీ గోనె సంచులు లెక్కపెట్టిచ్చిండు, సరిగ్గా 120. తన నోట్‌బుక్‌ల 120 ఇంటు 40 వేసి 4800 కిలోలు, నలభై ఎనిమిది క్వింటాళ్లు అని చూపించి, బిడ్డా సంచులన్నీ ఉన్నయి, వడ్లన్నీ ఉన్నయి, మీ డబ్బాలనే యాభై ఎవరో పెట్టిన్రు అన్నడు. యాభై అన్న మాట చెవుల పడంగనే తమ్ముని మొకం నల్లగయ్యింది. సేటు వాచ్‌మన్ కాడికి పోయి చెయ్యి పట్టుకున్నడు, మేమిద్దరం సుత పోయినం, ఏమనాల్నో తెలియలేదు.

ఇప్పుడు అసలు మందు. మన కాకతీయుల చెరువుల కింద తూము ఎత్తుడు నీరటి చేతిల ఉండేది, ఎవరి మడికి నీళ్లు కావాల్నంటే వాళ్లు పోయి తూము గుంజుడు ఉండకపోయేది, కాల్వ నుంచి నీ మడికి గండి కొట్టుకుంటే నీ మడే తడుస్తది. రూబీల ఆ గండి పేరు రిఫైన్‌మెంట్స్. దీన్ని షుగో మయేదా అనే ఆయన ప్రతిపాదించిండు, 2013 ఫిబ్రవరిల వచ్చిన రూబీ 2.0ల ప్రయోగం కింద పెట్టిన్రు, అదే ఏడు డిసెంబర్ల వచ్చిన 2.1ల ప్రయోగం అనే మాట తీసేసి పక్కాగ ఇచ్చిన్రు. అంటే పదేండ్లు దాటింది. అయినా మన దిక్కు ఏ సిలబస్‌ల నేను చూడలేదు, మా దగ్గరికొచ్చే పిల్లల్ల ఆ పేరు విన్నోడు ఇప్పటిదాక ఒక్కడు లేడు, మేము సుత ఆ వాచ్‌మన్ సంగతి అయినంకనే కూసొని చదివినం.

దాని పద్ధతి ఇంతే. ఒక మాడ్యూల్ రాస్తవు, దాని లోపల క్లాస్ ఇంటీజర్ అని కాకుండ రిఫైన్ ఇంటీజర్ డూ అని మొదలుపెట్టి బస్తాలు మెథడ్ రాస్తవు. ఇది కొత్త ఊరు కట్టదు, అసలు ఇంటీజర్‌నే చూస్తది, కానీ దాని మీద ఏమీ రాయదు. ఏ ఫైల్‌ల నీకు ఆ మాట కావాల్నో ఆ ఫైల్ మొదట్ల యూజింగ్ అని ఆ మాడ్యూల్ పేరు రాస్తవు. ఆ లైన్ నుంచి ఆ ఫైల్ ఆఖరు దాకా ఇంటీజర్‌కు బస్తాలు వస్తది, వేరే ఫైల్‌ల రాదు. ఫైల్ మొత్తానికి వద్దనుకుంటే ఒక మాడ్యూల్ లోపల యూజింగ్ పెట్టుకోవచ్చు, 2.1 నుంచి అది కుదురుతది, అప్పుడు ఆ మాడ్యూల్ ముగిసేదాకనే. ఇప్పుడు మా యార్డ్ ఫైల్‌ల మూడు చుక్క బస్తాలు నూట ఇరవై, మిల్లు ఫైల్‌ల మూడు చుక్క బస్తాలు నూట యాభై, రెండూ ఒకే ప్రోగ్రాంల పక్కపక్కన నడుస్తున్నయి, ఒకదాన్ని ఒకటి ముట్టుకోవు.

ఒక ఇబ్బంది ఉన్నది, దాచకుండ చెప్తున్న. రిఫైన్‌మెంట్ యూజింగ్ ఉన్న ఫైల్‌ల రాసిన కోడ్‌కే పనిచేస్తది, ఆ ఫైల్ నుంచి వేరే ఫైల్‌ను పిలిస్తే అక్కడ పనిచెయ్యదు. మేం రసీదు ప్రింట్ చేసే ఫైల్ వేరుగ రాసినం, అందుల బస్తాలు అని రాసి ఉండె, యార్డ్ ఫైల్ నుంచి పిలిస్తే నడుస్తది అనుకున్నం. నడవలేదు, ఇంటీజర్‌కు బస్తాలు అనే మెథడ్ లేదు అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది, ఎందుకంటే రసీదు ఫైల్‌ల యూజింగ్ లేదు. తమ్ముడు విసుక్కున్నడు, దీనికంటే పాతదే నయం గదన్నా అన్నడు. నేనన్న, ఆగిపోయిన ప్రోగ్రాం వల్ల రసీదు పది నిమిషాలు ఆలస్యమైంది, మొన్నటి నడిచిన ప్రోగ్రాం వల్ల ఏమైందో చూసినవు గదా. వాడు ఇంక మాట్లాడలేదు. రసీదు ఫైల్‌ల యూజింగ్ పెట్టుకుందామా అని సుత అనుకున్నం, కానీ రసీదుకు వడ్లవా బియ్యంవా అని ఎట్ల తెలుస్తది? అప్పుడు అర్థమైంది, అక్కడ అంకెను పంపుడే తప్పు, కిలోలు పంపాలె. ఆ ఫైల్‌ల నుంచి బస్తాలు అన్న మాటే తీసేసినం.

ఇది రూబీ ఒక్కదాని బాధ సుత కాదు. వెబ్‌సైట్ల భాష జావాస్క్రిప్ట్ల అర్రేకు ఫ్లాటెన్ అనే పనిని, అంటే జాబితా లోపలి జాబితాలను విప్పి ఒక్కటి చేసుడును, మూటూల్స్ అనే లైబ్రరీ ఎప్పుడో సొంతంగ కలుపుకున్నది. తర్వాత భాషకే అధికారికంగ ఫ్లాటెన్ పెడదామని 2018ల ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పరీక్ష వెర్షన్ నైట్లీల పెట్టి చూస్తే, మూటూల్స్ వాడే పాత సైట్ ఒకటి విరిగింది. ఎవరో పదేండ్ల కింద అందరి క్లాస్‌ల పెట్టిన మాట వల్ల ప్రపంచం మొత్తం వాడే భాషల పేరు మార్చాల్సొచ్చింది, ఇప్పుడున్నది ఫ్లాట్, 2019 ప్రమాణంల ఆ పేరుతోనే వచ్చింది. పైథాన్ల స్ట్రింగ్‌నో అంకెల క్లాస్‌నో తెరిచి కొత్త మెథడ్ పెట్టబోతే టైప్ ఎర్రర్ ఇచ్చి కుదరదంటది, అది వాళ్లు ఎంచుకున్న దారి. సీ షార్ప్ల 2007 నుంచి ఎక్స్‌టెన్షన్ మెథడ్లు ఉన్నయి, అవి ఏ నేమ్‌స్పేస్‌ల (పేర్ల గుంపుల) ఉంటే దాన్ని ఫైల్ మొదట్ల యూజింగ్ అని తెచ్చుకున్న కాడనే కనబడతయి, రూబీల సుత అదే మాట యూజింగ్. సీ షార్ప్ చేసిన పిల్లలకు రిఫైన్‌మెంట్ చెప్పుడు అందుకే అల్కగ అయితది. 2025 డిసెంబర్ 25న వచ్చిన రూబీ 4.0ల రూబీ బాక్స్ అని ఇంకొకటి ప్రయోగం కింద పెట్టిన్రు, అందుల అయితే ఒక లైబ్రరీని డబ్బాల వేసినట్టు వేసి అది లోపల బిల్ట్-ఇన్ క్లాస్‌లను ఎట్ల తెరుచుకున్నా బయటికి రాకుండ ఆపొచ్చు. ఇంకా ప్రయోగమే కాబట్టి మిల్లు లెక్కలకు నేనైతే ఇప్పుడే పెట్టను.

బిల్ట్-ఇన్ క్లాస్ అసలే ముట్టొద్దు అనేటోళ్లు మా ఫీల్డ్‌ల చానామంది ఉన్నరు. నేనట్ల అనను. స్ట్రింగ్‌కు అక్షరాలు అనే మెథడ్ నేర్పుడు న్యాయమే, ఎందుకంటే తెలుగు అన్న మాటకు మూడక్షరాలు అనేది ఏ ఫైల్‌ల కూసొని అడిగినా మూడే. బస్తాలు అట్ల కాదు, మూడు అనే అంకెకు తాను వడ్లదా, బియ్యందా, మిర్చిదా తెలియదు, తెలియనిదాన్ని తూకం అడిగినం మేము. ఇప్పుడు మేం రాసే కొత్త ప్రోగ్రాంలల్ల బస్తా అనే సరుకుకు సొంత క్లాసే పెడుతున్నం, దాని లోపల సంఖ్య ఒకటి, బస్తా బరువు ఒకటి రెండూ ఉంటయి. మూడు చుక్క బస్తాలు అన్నంత ముద్దుగ ఉండదు చదవనీకి, నిజమే, కానీ గుమాస్తా పెద్దాయనకు చూపిస్తే ఇది ఇంకా మంచిగున్నది, నా నోట్‌బుక్‌ల సుత సంచి బరువు పక్కకు రాసుకుంట అన్నడు.

అందుకే సార్, మీకు నా విన్నపం. వచ్చే వారం పాఠంల ఆ ఒక్క వాక్యం సవరించి వెయ్యండి. మాడ్యూల్ లోపల క్లాస్ స్ట్రింగ్ అని రాస్తే కొత్త క్లాస్ పుడతది, పాతది తెరుచుకోదు అని, ముందట రెండు కోలన్లు పెడితే మాడ్యూల్ లోపల రాసినా అందరిది మారుతది అని, ఒక్క ఫైల్‌కే కావాల్నంటే రిఫైన్, యూజింగ్ వాడాలని. మీ పేజీ చదివేటోళ్లల్ల సగం మంది మా మేనల్లుని లాంటోళ్లు, నిట్లనో కిట్స్లనో సీట్ రాక పాలిటెక్నిక్‌ల, డిగ్రీల చదువుకుంట మీ పాఠమే గురువు అనుకునేటోళ్లు. మడికొండ ఐటీ పార్కులకో హైదరాబాద్‌కో పోయి కొలువు చేసేటోళ్లు వీళ్లే, ఆడ వాళ్ల కోడ్ పక్క ఇంకా వందమంది కోడ్ ఉంటది. సవరణ ఏ మూలకో చిన్నక్షరాలల్ల వేస్తే వాళ్ల కంట పడదు, పాఠం వచ్చిన జాగలనే వెయ్యాలని కోరుతున్న. పిల్లలు ఇంటికాడ చేసి చూసుకునే ఉదాహరణ కావాల్నంటే మా బస్తాలదే వాడుకోండి, రెండు ఫైళ్లు, రెండు రిఫైన్‌మెంట్లు, ఒకదాంట్ల 120, ఒకదాంట్ల 150. యూజింగ్ లైన్ తీసేస్తే ఏమైతదో సుత వాళ్లతోని చేయించండి, ఆ ఎర్రర్ వాళ్లు కండ్లతోని చూడాలె.

మా మేనల్లుడు పోయిన వారం అంటించుకున్న కత్తిరింపు పక్కన పెన్సిల్‌తోని రెండు కోలన్లు గీసి దాని చుట్టు సున్న చుట్టుకున్నడు. మీ సవరణ వస్తే దాని పక్కన అంటిస్తనని జాగ ఇడిచిపెట్టిండు.

ఇట్లు,
మీ పాఠకుడు,
హన్మకొండ